గేదె వీపు మీద బోర్డు

నేను ఒకసారి వార్డు మెంబరుగా నిలబడ్డాను. నిలబడ్డాను అనడమే గానీ, ఓట్ల లెక్క మొదలైన పది నిమిషాలకే కూర్చున్నాను. మా ఇంట్లో ఏడు ఓట్లు. నాకు మొత్తం పడ్డవి ఐదు. తక్కిన రెండూ ఎవరివో కనిపెడదామంటే మా ఆవిడ సాగనివ్వలేదు. ఆ రోజుల్లోనే నా ఫ్లెక్సీ ఒకటి తీసుకెళ్ళి, "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అని రాసున్న గోడకి, సరిగ్గా ఆ అక్షరాలు కప్పబడిపోయేలా కట్టాను. అబ్బో, ఎంత తెలివి అనుకున్నాను. మర్నాడు పంచాయతీ వాళ్ళు వచ్చి, ఊరంతా చూస్తుండగా నా చేతే విప్పించారు. అందుకని ఈ నక్క కథ చెప్పడానికి మా ఊళ్ళో నాకంటే తగినవాడు లేడు.

తుప్పలవాగు అడవి అంచున పారుతుంది. వానాకాలంలో దాన్ని చూస్తే ఏరనుకుంటారు. ఎండలు ముదిరాక చూస్తే ఇసక తప్ప ఏమీ ఉండదు. మొత్తం వాగులో ఒకే ఒక్క మడుగు మిగులుతుంది. ఎవరికి దాహమేసినా అక్కడికే రావాలి. ఎవరు ముందు తాగాలి, ఎవరు ఆగాలి, ఎవరు నీళ్ళలో దిగొచ్చు, ఎవరు దిగకూడదు అని చెప్పడానికి ప్రతి వేసవికీ జంతువులన్నీ కలిసి ఒక మడుగు పెద్దని ఎన్నుకుంటాయి. ఆ పెద్ద మాటే ఆ వేసవంతా చెల్లుతుంది.

ఈసారి పోటీలో ఇద్దరు. ఒకరు నక్క. రెండోది ఒళ్ళంతా ముళ్ళుండే ఏదుపంది. నక్క గుర్తు తోక, ఏదుపంది గుర్తు ముల్లు. ఎన్నికల అధికారి తాబేలు తాత. ఆయన్నే ఎందుకు పెట్టారంటే, ఏ పక్షం వైపూ పరిగెత్తలేడని.

అసలు గొడవ బోర్డులతో వచ్చింది. మోదుగాకులు విస్తరి కుట్టినట్టు కుట్టి, జేగురుమట్టితో బొమ్మ వేస్తే అదే అక్కడ బోర్డు. పోయినేడు చెట్టు చెట్టుకీ తోక బొమ్మే. నెమలి పడుకునే కొమ్మకి తోక, పాము పుట్టకి తోక. ఒక జింక కాసేపు నిద్రపోయి లేచేసరికి దాని రెండు కొమ్ముల మధ్యా తోక. కోతులకి ఒళ్ళు మండి అన్నీ చింపి పారేశాయి.

అందుకని ఈసారి ముందే నియమాలు రాద్దామన్నారు. రాసే పనికి ఎవరూ ముందుకు రాలేదు, నక్క ఒక్కటే వచ్చింది. పని తప్పించుకుందామనుకునే వాళ్ళ మధ్య పని మీద పడేవాణ్ణి చూస్తే అనుమానం రావాలి. మా పంచాయతీలోనే ఎవరికీ రాదు, ఇంక అడవిలో ఏమొస్తుంది?

"రాసుకో తాతా," అంది నక్క గొంతు సవరించుకుని. "ఒకటి. ఓట్ల రోజున మడుగు గట్టుకి నలభై అంగల లోపల ఏ అభ్యర్థి బోర్డూ ఉండకూడదు. ఉంటే ఆ అభ్యర్థి ఇంటికి పోవాల్సిందే. రెండు. ఎవరి చోటులో బోర్డు పెట్టినా వాళ్ళు ఒప్పుకోవాలి. మూడు. బోర్డు పెట్టినవాళ్ళే తియ్యాలి, ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. నాలుగు. ఓట్లు పడ్డంతసేపూ అభ్యర్థులు ఆ నలభై అంగల లోపలికి అడుగు పెట్టకూడదు. పెడితే వాళ్ళూ ఇంటికే."

మూడోది వింటూనే కోతులు మొహాలు చూసుకున్నాయి.

తాబేలు తాత గోటితో తాటాకు మీద గీసుకుంటూ, "నలభై అంగలంటే ఎవరి అంగలు?" అన్నాడు. "నా అంగలా?"

"అయ్యయ్యో, నిన్ను కష్టపెడతామా తాతా? జింక కొలుస్తుంది."

జింక గట్టు నుంచి నాలుగు వైపులా ఠంగుఠంగుమని నలభేసి గంతులేసింది. అది ఆగిన చోటల్లా తెల్లరాళ్ళు పేర్చారు. తీరా చూస్తే, మడుగు గట్టునే ఉన్న ఏదుపంది బొరియ రాళ్ళ లోపల పడింది.

"ఇదేమిటి?" అంది ఏదుపంది. "అది నా ఇల్లు. నా గుమ్మం ముందు నా బోర్డు పెట్టుకోకూడదా?"

"కూడదు పిన్నీ."

"ఓట్ల రోజున నా ఇంట్లో నేను ఉండకూడదా?"

"నాలుగో నియమం పిన్నీ. నాకు మాత్రం బాధ లేదా? నీ మొహం చూస్తే కడుపు తరుక్కుపోతోంది. కానీ నియమం నియమమే."

"మరి గాలికి నా బోర్డు ఎగిరొచ్చి లోపల పడితే? అప్పుడూ నన్నే పొమ్మంటావా?"

నక్క నవ్వింది. "గాలికి ఎగిరొచ్చినా సరే, కాళ్ళొచ్చి నడిచొచ్చినా సరే. లోపల ఉంటే ఉన్నట్టే. అది కూడా రాసుకో తాతా."

తాత రాసుకున్నాడు.

"ఇంకో చిన్నమాట," అంది నక్క. "ఎప్పుడూ సాయంత్రం పూట ఓట్లేస్తున్నాం, చూపు ఆనక ఒకరి గుంటలో వెయ్యాల్సిన ఓటు గింజలు ఇంకొకరి గుంటలో వేస్తున్నారు. ఈసారి పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా వేద్దాం."

ఇదీ బాగానే ఉందన్నారు. ఏదుపందికి మాత్రం ముళ్ళు నిక్కపొడుచుకున్నాయి. దాని బంధువర్గమంతా చీకటి పడితే తప్ప బయటికి రాదు. గుడ్లగూబ, గబ్బిలం, పునుగుపిల్లి, అందరూ పగలు పడుకునే వాళ్ళే. వాళ్ళని పొద్దున్నే లేపి ఓటెయ్యమంటే కళ్ళు నులుముకుంటూ ఏ గుంటలో పడతారో తెలీదు.

అయినా నక్కకి తృప్తి లేదు. రాళ్ళకి లోపల బోర్డు పెట్టకూడదు. బయట ఎక్కడ పెడదామన్నా నెమలి ఒప్పుకోదు, పాము అసలే ఒప్పుకోదు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ రేగుపొదల దగ్గర గేదెని చూసింది.

ఆ గేదె ఏ ఊరిదో, ఏనాడో మంద నుంచి తప్పిపోయి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఎవరి జోలికీ పోదు. తింటుంది, నెమరేస్తుంది, మధ్యాహ్నం మడుగులో దిగి ముక్కూ, కొమ్ములూ, వీపూ మాత్రం పైకి పెట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చుంటుంది. దానికి ఆ మునక లేకపోతే ఎండకి తోలు పగిలిపోతుంది. అడవిలో తోలు మందమైంది దానిదేననుకుంటారు గానీ, ఎండకి ముందు ఓడిపోయేదీ అదే.

"అత్తా!" అంది నక్క తియ్యగా. "ఎంత విశాలమైన వీపు అత్తా నీది! మైదానంలా ఉంది."

"ఏం కావాలి అల్లుడా?" అంది గేదె కళ్ళు తెరవకుండా.

"నా బోర్డు ఒకటి కట్టుకుంటావా? పెద్ద బరువేమీ లేదు, ఆకులే. దోమలు కూడా వాలవు."

దోమలు వాలవు అనేసరికి గేదె ఒక కన్ను తెరిచింది. "సరే కట్టు. దోమల మాట అబద్ధమైతే మాత్రం ఊరుకోను."

ఏదుపంది ఎక్కడ ఊడబీకుతుందోనని నక్క, తడిపిన అడవితీగతో పొట్ట చుట్టూ తిప్పి ఏడు ముళ్ళు వేసింది. తీగ ఎండేకొద్దీ ముడి బిగుసుకుంది.

ఏదుపంది చూసి తాబేలు తాత దగ్గరికి పరిగెత్తింది. "తాతా, చెట్టుకి పెట్టొచ్చు, పుట్టకి పెట్టొచ్చు. వీపుకి కట్టడం ఎక్కడి న్యాయం? వీపు కూడా చోటేనా?"

"చోటు కాకేం?" అని నక్క అందుకుంది. "గేదె వీపు గేదె చోటు. గేదె ఒప్పుకుంది. రెండో నియమానికి సరిగ్గా సరిపోయింది. కావాలంటే అడుగు."

తాత మెడ చాపి, "అమ్మాయ్, ఒప్పుకున్నావా?" అని అడిగాడు.

"ఒప్పుకున్నా," అంది గేదె.

తాత చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచన అయ్యేలోపు ఒక ఉడత వచ్చి, తీర్పు ఏమిటని అడిగి, విసుగుపుట్టి వెళ్ళిపోయింది. చివరికి, "వీపు చోటే. దాని మీద బోర్డు బోర్డే," అన్నాడు.

"రాసుకో తాతా, రాసుకో," అంది నక్క గెంతుతూ. "రేపు ఎవరూ మాట మార్చకూడదు."

తాత అదీ రాసుకున్నాడు.

మూడు రోజులు గేదె ఎటు మేతకి పోతే అటు నక్క బోర్డు పోయింది. జింకలు ఎదురుపడితే చూసి కిసుక్కున నవ్వుకునేవి. "ఏమిటర్రా?" అంటే, "ఏం లేదు అత్తయ్యా, బాగుంది," అని పక్కకి తిరిగేవి.

నాలుగో రోజు కొంగ వచ్చింది. గేదె వీపు మీద కూర్చుని గోమార్లు ఏరుకు తినడం దాని వృత్తి. పక్క వాగుకి చేపలకని పోయి అప్పుడే తిరిగొచ్చింది.

"అక్కా, నేను లేని సమయం చూసి నా కుర్చీ మీద ఏమిటో పరిచావు," అంది వాలుతూ.

"బోర్డే. నక్క అల్లుడిది. ఏముందే దాని మీద?"

"ఇటు పక్క తోక బొమ్మ."

"అది తెలుసు."

"అటు పక్క నీ బొమ్మ."

గేదె మొహం వెలిగిపోయింది. "నా బొమ్మే? నిజంగానా? చూశావా, కుర్రాడికి ఎంత మర్యాదో!"

"ఆఁ, మర్యాదే," అంది కొంగ. "నువ్వు మడుగులో ఉన్నట్టు వేశాడు. కొమ్ములు కూడా బాగా కుదిరాయి. కాకపోతే నీ మీద అడ్డంగా పెద్ద కొట్టివేత కూడా ఉందక్కా."

గేదె నెమరు ఆగిపోయింది.

"అంటే?"

"అంటే ఏముంది? వాడు గెలిస్తే నిన్ను మడుగులో దిగనివ్వడు. నువ్వు దిగితే నీళ్ళు బురదవుతున్నాయని జింకలకి ఎప్పట్నించో కోపం. ఆ ఓట్ల కోసం వాడీ మాటిచ్చాడు. ఆ మాట అడవంతా చాటడానికి నిన్నే పెట్టుకున్నాడు. నీకు కనపడేది కాదుగా, నీ వీపు."

గేదె మళ్ళీ మెల్లగా నెమరు మొదలుపెట్టింది. కొంగకి ఆశ్చర్యమేసింది.

"అక్కా, కోపం రాలేదా?"

"వస్తోంది. నాకు మెల్లగానే వస్తుంది," అంది గేదె.

లేచి తిన్నగా నక్క దగ్గరికి వెళ్ళింది. "అల్లుడా, వీపు దురదగా ఉంది. ఇది విప్పేస్తావా?"

నక్క మొహం మాడ్చుకుంది. "ఇప్పుడా? ఓట్లు అయ్యేదాకా ఎలా విప్పుతాను అత్తా? ఒప్పుకున్నావు కదా."

"ఒప్పుకున్నాననుకో. మరి ఇంకెవరి చేతైనా విప్పించుకోనా?"

"మూడో నియమం. పెట్టినవాడే తియ్యాలి. నేనే తియ్యాలి, నేను తియ్యను."

"పోనీలే. మరి నేను ఎప్పటిలాగే తిరగొచ్చా, ఇది ఉందని ఒకచోటే పడుండాలా?"

"తిరుగత్తా, తిరుగు! నీ ఇష్టం వచ్చిన చోటికల్లా తిరుగు. నువ్వెంత తిరిగితే నాకంత మంచిది."

"సరే, నువ్వే అన్నావు," అని గేదె వెళ్ళిపోయింది.

ఓట్ల రోజు వచ్చింది. మడుగు గట్టున రెండు గుంటలు తవ్వారు, ఒక దాని ముందు తోక బొమ్మ, ఇంకోదాని ముందు ముల్లు బొమ్మ. ఒక్కొక్కరూ వచ్చి ఒక ఈతగింజ వెయ్యాలి. తాబేలు తాత రెండు గుంటల మధ్యా కూర్చున్నాడు. తెల్లరాళ్ళకి అవతల నక్క ఒకవైపు, ఏదుపంది ఒకవైపు.

ఏదుపంది ఎండకి అలవాటు లేక తూలుతోంది. నలభై అంగల దూరంలో దాని బొరియ చల్లగా నోరు తెరుచుకుని పిలుస్తోంది, పోవడానికి లేదు. గుడ్లగూబ వచ్చి ఒక రాయిని తాబేలు తాత అనుకుని నమస్కారం పెట్టి, దాని పక్కన గింజ వేసి పోయింది. జింకలు మాత్రం మందలు మందలుగా వచ్చి తోక గుంటలో వేస్తున్నాయి.

"పిన్నీ," అని కేకేసింది నక్క, "నిద్రొస్తే పడుకో. అయ్యాక నేనే లేపుతాలే."

"నీ నోట్లో నా ముళ్ళు పొయ్య," అంది ఏదుపంది. అంతకంటే అనడానికి ఓపిక లేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నక్క పొద్దున తిరుగుతుంది, సాయంత్రం తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎప్పుడూ బొరియలో గురక పెడుతుంటుంది. పుట్టి బుద్ధెరిగాక మధ్యాహ్నం పూట మడుగు ఎలా ఉంటుందో ఏనాడూ చూసింది కాదు. గేదె దిగుతుందని విన్నది గానీ, ఏ వేళకి దిగుతుందో తెలీదు. ఏదుపందిని నిద్ర చెడగొట్టి ఏడిపిద్దామని ఓట్లు పగలు పెట్టింది, అందుకే ఇప్పుడు తనూ మేలుకుని ఉంది.

రేగుపొదల్లోంచి గేదె లేచింది. ఒళ్ళు విరుచుకుంది. మడుగు వైపు అడుగులేసింది. వీపు మీద బోర్డు, బోర్డు మీద కొంగ.

"అత్తా," అంది నక్క. "ఎటు?"

"ఎటేమిటి? మధ్యాహ్నమైంది."

"అయితే?"

"అయితే ఏమిటి అల్లుడా, మునగొద్దూ?"

నక్క ఒక్క క్షణం అలాగే చూసింది. ముందు గేదెని, తరవాత తెల్లరాళ్ళని, తరవాత బోర్డుని. ఒక్క ఉరుకున వచ్చి పడింది.

"ఆగత్తా, ఆగు! బోర్డు విప్పేస్తాను. ఇప్పుడే విప్పేస్తాను!"

"విప్పు, నేనేమన్నా వద్దన్నానా?" అంది గేదె. ఆగలేదు. తొందరా పడలేదు. ప్రతి మధ్యాహ్నం ఎలా నడుస్తుందో అలాగే నడిచింది.

నక్క దాని పొట్ట కింద దూరి ముడి పళ్ళతో కొరికింది. నాలుగు రోజులుగా మడుగులో నానుతూ, ఎండలో ఎండుతూ తీగ ఇనప కడ్డీలా బిగుసుకుపోయి ఉంది. ఒక ముడి తెగింది. గేదె నాలుగడుగులు వేసింది. రెండో ముడి తెగింది. ఇంకో నాలుగడుగులు. నక్క వెనక్కి నడుస్తూ, పక్కకి నడుస్తూ, పడుతూ, లేస్తూ కొరుకుతోంది. మూడు తెగేసరికి తెల్లరాళ్ళు వచ్చాయి.

గేదె రాళ్ళు దాటింది. నక్క ముందు కాళ్ళు నిగడదన్ని రాయి దగ్గర ఆగిపోయింది. ఇంకొక్క అడుగు వేస్తే నాలుగో నియమం. వెయ్యకపోతే మొదటి నియమం.

"జింకా! ఉడతా! ఎవరో ఒకరు విప్పండర్రా!" అని అరిచింది.

కోతులు చెట్టు మీంచి ఒక్క గొంతుతో, "మూడో నియమం!" అన్నాయి. ఆ మాట అనడానికి అవి ఎన్ని రోజుల నుంచి కాసుక్కూచున్నాయో!

గేదె నీళ్ళలో దిగింది. మోకాళ్ళ దాకా, పొట్ట దాకా, మెడ దాకా. చివరికి ముక్కూ, కొమ్ములూ, వీపూ పైన మిగిలాయి. నడి మడుగులో, అందరికీ ఎదురుగా, నక్క బోర్డు తేలుతూ కూర్చుంది.

ఏదుపందికి నిద్ర వదిలిపోయింది. "తాతా! గట్టుకి నలభై అంగల లోపల బోర్డు! చూశావా?"

తాత మెడ చాపి చూశాడు. "ఉంది."

"అది బోర్డు కాదు!" అని అరిచింది నక్క. "అది గేదె! వీపు! వీపు చోటు ఎలా అవుతుంది తాతా? ఎవరైనా నవ్వుతారు!"

తాత తాటాకు తీశాడు. ఒక్కో గీతా వేలు పెట్టి చదివాడు. "వీపు చోటే. దాని మీద బోర్డు బోర్డే. ఎవరూ మాట మార్చకూడదు. నువ్వే రాసుకోమన్నావు."

"పెట్టింది నేను కాదు! నేను బయట పెట్టాను. అదే లోపలికి వచ్చింది!"

తాత తాటాకు తిప్పాడు. అవతలి వైపు ఇంకో గీత ఉంది. "గాలికి ఎగిరొచ్చినా సరే," అని చదివి, ఊపిరి తీసుకున్నాడు, "కాళ్ళొచ్చి నడిచొచ్చినా సరే."

జింకల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గట్టంతా పాకింది.

"గేదేదో తెలియక చేసింది," అని నక్క గొంతు మార్చింది. "అత్తా, చెప్పత్తా! నీకు నియమాలేవీ తెలియవని చెప్పు!"

గేదె ముక్కులోంచి నీళ్ళు చిమ్మింది. "నాకేం తెలుసు అల్లుడా? ఎండగా ఉంటే దిగాను. ఇష్టం వచ్చిన చోటికల్లా తిరగమన్నావుగా."

తాబేలు తాత తోక గుంట ముందున్న బొమ్మ పీకేశాడు. ఆ వేసవికి మడుగు పెద్ద ఏదుపంది.

పెద్దయ్యాక ఏదుపంది చేసిన మొదటి పని, తన బొరియలో దూరి సాయంత్రం దాకా నిద్రపోవడం. లేచాక వంతులు చెప్పింది. పొద్దున తాగేవాళ్ళు తాగాలి, గేదె మధ్యాహ్నం మాత్రం, అదీ మడుగు కింది చివర దిగాలి. జింకలకి తేటనీళ్ళు దొరికాయి, గేదెకి మునక దక్కింది. ఇంత చిన్న సర్దుబాటుకి ఒక ఎన్నిక దేనికో నాకిప్పటికీ అర్థం కాదు.

కానీ అది సాయంత్రం సంగతి. మధ్యాహ్నం ఇంకొకటి మిగిలింది. నక్క తోక కాళ్ళ మధ్య పెట్టుకుని జారుకోబోతుంటే తాత పిలిచాడు.

"ఏమయ్యోయ్, ఎక్కడికి? మూడో నియమం. పెట్టినవాళ్ళే తియ్యాలి."

ఇంకా నాలుగు ముళ్ళు ఉన్నాయి. అభ్యర్థి కాదు కనక ఇప్పుడు రాళ్ళ లోపలికి రావడానికి అడ్డూ లేదు. నీళ్ళంటే ఒళ్ళు జలదరించే నక్క, గడ్డం దాకా మడుగులో దిగి, గేదె పొట్ట కింద తల పెట్టి, బుడుంగుబుడుంగుమంటూ తడిసిన తీగ కొరుకుతుంటే, గట్టు మీద అడవి అడవంతా నిలబడి చూసింది.

"నిదానంగా విప్పుకో అల్లుడా," అంది గేదె కళ్ళు మూసుకుంటూ. "నాకేం తొందర లేదు. పొద్దు వాలేదాకా ఇక్కడే ఉంటాను."

కొంగ నక్క నెత్తి మీదికి మారి కూర్చుంది.

నీతి: పక్కవాడి గుమ్మానికి అడ్డంగా గీత గీసేవాడు, తన బోర్డుకి కాళ్ళున్నాయేమో ముందు చూసుకోవాలి.